వేదిక మీది వేషం వీధిలోకి వచ్చిన దారి

రాక్ సంగీత బృందాల ప్రభావం మనం నిత్యం వీధిలో చూసే దుస్తుల మీద ఎంతవరకు ఉందన్న విషయమై పాఠకులు పంపిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఈ మధ్యే కాలేజీలో చేరాడు. వాడికి ఒక నల్ల టీ షర్టు ఉంది. దాని మీద కొండల వరుసలా తెల్లటి వంకర గీతలు తప్ప ఒక్క అక్షరం కూడా లేదు. అదేమిటిరా అంటే “ఏదో డిజైన్ అమ్మా” అంటాడు. వాడి స్నేహితులలో మరో ఇద్దరి ఒంటి మీద కూడా అదే బొమ్మ చూశాను. దానికి ఏమైనా అర్థం ఉందా?
— ఒక తల్లి

జవాబు: ఉందమ్మా. ఆ గీతలు కొండలూ కావు, అలలూ కావు. ఆకాశంలో ఎంతో దూరాన ఉన్న ఒక నక్షత్రం నుంచి వచ్చిన రేడియో స్పందనలు. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్, సుమారు 1.34 సెకన్లకు ఒకసారి చొప్పున గడియారం కొట్టినట్టు వచ్చిపడుతున్న ఒక సంకేతాన్ని గుర్తించారు. పల్సార్ అనే జాతి నక్షత్రాలలో మనిషికి తెలిసివచ్చిన మొట్టమొదటిది అదే. తరువాత హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు ఆ నక్షత్రపు వరుస స్పందనలను ఒకదాని కింద ఒకటి పేర్చి గీయించిన పటం, కొన్నేళ్ళకు ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో అచ్చయింది. మాంచెస్టర్ ప్రాంతపు జాయ్ డివిజన్ బృందం 1979లో తన తొలి ఆల్బమ్‌కు అట్ట బొమ్మ వెతుక్కుంటూ ఆ పుస్తకంలో ఈ పటాన్ని చూసింది. రూపశిల్పి పీటర్ సావిల్ తెల్ల కాగితం మీద నల్లగా ఉన్న గీతలను తిరగవేసి నలుపు మీద తెలుపు చేశారు. అట్ట ముందువైపు బృందం పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ వేయలేదు. మీ అబ్బాయి చొక్కా మీద అక్షరాలు కనిపించకపోవడానికి కారణం అదే.

పేరు లేకపోవడమే ఆ బొమ్మకు కలిసివచ్చిందని నేను అనుకుంటాను. పేరు ఉంటే ఆ బృందాన్ని అభిమానించేవారే తొడుక్కొనేవారు. లేదు కాబట్టి ఎవరైనా తొడుక్కోగలిగారు. 2012లో డిస్నీ సంస్థ కూడా ఈ గీతలను మిక్కీ మౌస్ ఆకారంలో అమర్చి ఒక చొక్కా తెచ్చి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. మీ అబ్బాయికి విషయం తెలియకపోవడం తప్పేమీ కాదు. ఆ ఆల్బమ్ నిడివి 40 నిమిషాలకు మించదు. ఒక సాయంత్రం మీరిద్దరూ కూర్చుని వినండి. సంగీతం కొంచెం చీకటిగా తోచవచ్చు గానీ, ఆ నలుపు మీద ఆ సన్నని తెల్ల గీతలు ఎందుకు అంత చక్కగా అతికాయో విన్నాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: రాక్ బృందాలు ఫ్యాషన్‌ను మార్చేశాయని తరచు చదువుతుంటాం. నిజానికి ఆ దుస్తులు వాళ్ళు సృష్టించినవేనా, లేక వ్యాపారులు తొడిగితే తొడుక్కున్నవా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: వ్యాపారులు తొడిగినవీ ఉన్నాయి, కానీ వీధిలో ఎక్కువకాలం నిలిచినవి వాళ్ళు తొడిగినవీ కావు, బృందాలు సృష్టించినవీ కావు. రాక్ బృందాలు కొత్తగా కనిపెట్టిన దుస్తులు బహు తక్కువ. అప్పటికే లోకంలో ఉన్నవాటిని, అందులోనూ కూలిపనికో సైన్యానికో బండి నడపడానికో కుట్టిన మోటు దుస్తులను తీసుకొని, వాటికి మరో అర్థం కల్పించడమే అవి చేసిన పని. ఆ దుస్తులు చవకగా దొరికేవి, లేదా ఇంట్లోనే తయారు చేసుకోగలిగినవి కావడం వల్లనే కుర్రకారు వాటిని అంత త్వరగా అందుకోగలిగారు.

బీటిల్స్ సంగతి చూడండి. 1960లో హాంబర్గ్ క్లబ్బులకు వెళ్ళి వాయించడం మొదలుపెట్టిన కాలంలో వాళ్ళు నల్లటి తోలు దుస్తులకు అలవాటు పడ్డారు. 1962లో మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ వాటిని విప్పించి సూట్లు తొడిగించారు. 1964 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో వాళ్ళు కనిపించినప్పుడు సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. ఆ సూట్లు, చీలమండల దాకా వచ్చే కొనదేరిన బూట్లు, నుదుటి మీదికి దువ్విన జుట్టు, మూడింటినీ కుర్రవాళ్ళు అనుకరించారు. సూట్లు కొన్నేళ్ళకే వెనకబడ్డాయి. జుట్టు మాత్రం నిలిచిపోయింది. జుట్టు పెంచుకోవడానికి ఎవరికీ డబ్బు అక్కరలేదు కదా.

ఇక తోలు జాకెట్. ఇర్వింగ్ షాట్ అనే న్యూయార్క్ వ్యాపారి 1928లో మోటార్ సైకిల్ నడిపేవారి కోసం జిప్పు పెట్టిన జాకెట్ ఒకటి తయారు చేసి, తనకు ఇష్టమైన చుట్ట పేరు మీద దానికి పెర్ఫెక్టో అని పేరు పెట్టారు. అప్పట్లో దాని వెల 5.50 డాలర్లు. ఆ జాకెట్‌ను ఒకసారి పరీక్షగా చూడండి. జిప్పు నిలువుగా కాకుండా ఏటవాలుగా పోతుంది. బండి మీద ముందుకు వంగినప్పుడు రొమ్ము మీద ఒక పొర మరో పొర మీదికి వచ్చి గాలిని ఆపడానికి అలా పెట్టారు. కాలరు కొనలకు నొక్కుడు గుండీలు ఉంటాయి. వేగంగా పోయేటప్పుడు అవి ఎగిరి ముఖానికి కొట్టకుండా. ప్రతి అంశానికీ ఒక పని ఉంది. 1953లో మార్లన్ బ్రాండో ఒక చిత్రంలో అలాంటి జాకెట్ తొడిగాక అది తిరుగుబాటుకు గుర్తయింది; ఆ గుర్తును రోజూ తొడుక్కొనే బట్టగా మార్చినది మాత్రం రమోన్స్ బృందమే.

1974లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతం నుంచి వచ్చిన ఆ నలుగురికీ రక్తసంబంధం లేదు. అయినా నలుగురూ రమోన్ అనే ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు, నలుగురూ ఒకే తీరు బట్టలు కట్టారు: తోలు జాకెట్, పొట్టి టీ షర్టు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్, గుడ్డ బూట్లు. 1976లో వచ్చిన తొలి ఆల్బమ్ అట్ట మీద రాబర్టా బేలీ తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రంలో వాళ్ళు ఒక ఇటుక గోడకు ఆనుకొని నిలబడి ఉంటారు. ఈ రోజు ప్రపంచంలో ఏ పెద్ద నగరంలోనైనా బస్సు కోసం నిలబడ్డవారిని గమనిస్తే ఆ నాలుగు వస్తువులలో రెండు మూడైనా కనిపిస్తాయి. అమెరికాలో 5 లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు ఆ ఆల్బమ్‌కు దక్కింది 2014లో, అంటే 38 ఏళ్ళకు. అప్పటికి తొలి బృందంలోని నలుగురిలో ముగ్గురు కన్నుమూశారు. నాలుగో ఆయన ఆ ఏడాదే పోయారు. పాట చేరని చోట్లకు కూడా జాకెట్ ముందే చేరిపోయింది.

ఎదురు దిశలో, అంటే ఫ్యాషన్ సంస్థల వైపు నుంచి వచ్చినవీ లేకపోలేదు. 2001లో తొలి ఆల్బమ్ తెచ్చిన స్ట్రోక్స్ వంటి బృందాలు మళ్ళీ బిగుతు జీన్స్ కట్టగా, అదే కాలంలో డియోర్ పురుషుల విభాగానికి రూపకల్పన చేస్తున్న ఎడీ స్లిమాన్ ఆ సన్నని ఆకృతిని ఖరీదైన దుస్తులలోకి తెచ్చారు. అయితే ఆయన చూసి నేర్చుకున్నది కూడా సంగీత వేదికల దగ్గర నిలబడ్డ కుర్రవాళ్ళనే.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళుగా దర్జీ పని చేస్తున్నాను. చిరిగిన బట్టను చిరిగినట్టు తెలియకుండా బాగుచేసి ఇవ్వడం మా విద్య. ఇప్పుడు కొత్త జీన్స్ తెచ్చి మోకాలి దగ్గర చింపి ఇమ్మంటున్నారు. మనసు ఒప్పక అడుగుతున్నాను, ఈ చింపుడుకు మూలం ఎక్కడ ఉంది?
— ఒక దర్జీ

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. ముందు మీకు బాగా తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. వాడగా వాడగా చిరిగిన జీన్స్ మోకాలిలో నీలం దారాలు తెగిపోయి, అడ్డంగా తెల్ల దారాలు మాత్రమే వేలాడుతుంటాయి. డెనిమ్ నేతలో పడుగుకు నీలిమందు అద్దుతారు, పేకను తెల్లగానే ఉంచుతారు. బట్ట ముఖం మీద ఎక్కువగా తేలేది పడుగు కాబట్టి రాపిడికి ముందు అరిగేదీ అదే. లోపలివైపు ఉన్న పేక ఇంకా కొంతకాలం పట్టుకొని ఉంటుంది. ఆ తెల్ల దారాలు ఒక మనిషి ఆ బట్టలో ఎంతకాలం బతికాడో చెప్పే లెక్క వంటివి. రమోన్స్ మోకాళ్ళ మీద కనిపించినది ఆ అరుగుదలే.

కావాలని చింపడం వేరే కథ. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్ అనే సంగీతకారుడు చొక్కాలు చింపి, వాటిని పిన్నీసులతో కలిపి, జుట్టును ముళ్ళలా నిలబెట్టి వేదిక ఎక్కేవారు. 1975లో అక్కడ కొన్నాళ్ళు మరో బృందం వ్యవహారాలు చూసిన మాల్కమ్ మెక్‌లారెన్‌ను ఆ రూపం ఆకట్టుకుంది. లండన్‌లో కింగ్స్ రోడ్డు 430 నంబరులో ఆయన, వివియన్ వెస్ట్‌వుడ్ కలిసి 1971 నుంచి ఒక బట్టల దుకాణం నడుపుతున్నారు; దాని పేరు రెండు మూడేళ్ళకొకసారి మారిపోతుండేది. పంక్ అనే తిరుగుబాటు ధోరణి రాక్ సంగీతానికి పేరుపడ్డ సెక్స్ పిస్టల్స్ బృందం పుట్టినది ఆ దుకాణం చుట్టూనే. గాయకుడు జాన్ లైడన్ వాళ్ళ కంటపడినది ఒక చొక్కా వల్లనే: పింక్ ఫ్లాయిడ్ బృందపు టీ షర్టు మీద, ఆ పేరుకు పైన, “నాకు అసహ్యం” అనే అర్థం వచ్చే మాటలు తన చేత్తో రాసుకొని తిరిగేవారు ఆయన.

చిరుగు పేదవాడికి దాచుకోవలసిన విషయం. మీ విద్య పుట్టినదే దాన్ని దాచిపెట్టడానికి. నిరుద్యోగం పెరుగుతున్న ఆనాటి లండన్‌లో, ఆ చిరుగును దాచకుండా, పైగా దాన్ని పట్టుకొని ఉన్న పిన్నీసు అందరికీ కనిపించేలా పెట్టుకోవడం అంటే, “మా దగ్గర ఏమీ లేదు, అందుకు సిగ్గుపడవలసింది మేము కాదు” అని చెప్పడమే. అందుకే ఆ వేషం అంత త్వరగా పాకింది. పిన్నీసు లేని ఇల్లు ఉండదు, కత్తెర లేని ఇల్లూ ఉండదు. అయితే 1977లోనే జాండ్రా రోడ్స్ అనే పేరున్న రూపకర్త, అంచులు కుట్టిన చిల్లులతో, అలంకరించిన పిన్నీసులతో ఖరీదైన గౌన్లు తెచ్చేశారు. చిరుగులో మాట పోయి చిరుగు ఒక్కటే మిగలడం అక్కడ మొదలైంది.

ఆ తరువాత జరిగినది నాకు మరింత బాధ కలిగిస్తుంది. కొత్త జీన్స్‌ను పాతదిలా కనిపింపజేయడానికి కర్మాగారాలు ఇసుకను పీడనంతో బట్ట మీదికి కొట్టే పద్ధతిని వాడుకలోకి తెచ్చాయి. ఆ ధూళి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ అనే నయం కాని ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. టర్కీలో ఎందరో యువకులు దానితో చనిపోయారు. టర్కీ 2009లో ఆ పద్ధతిని నిషేధించింది. 2010లో లీవైస్, హెచ్ అండ్ ఎమ్ సంస్థలు దాన్ని మానేస్తున్నట్టు ప్రకటించాయి. ఒకరి మోకాలు ఏళ్ళ తరబడి చేసే పనిని ఒక గంటలో చేయించబోయి మరొకరి ఊపిరి తీశారు.

కాబట్టి మీ దగ్గరికి వచ్చేవారికి మీరే ఒక దారి చూపవచ్చు. కత్తెర పెట్టకండి, గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్ది పడుగును మాత్రం అరగదీసి, పేకను నిలబెట్టండి. చిరుగు చుట్టూ లోపలివైపు ఒక వరుస సన్నని కుట్టు వేస్తే ఉతుకులో అది పెరగదు. చింపడం కూడా బట్ట తెలిసినవాడి చేతిలోనే బాగుంటుంది.

ప్రశ్న: పసుపు దారంతో కుట్టిన నల్లటి బరువైన బూట్లు ఆడపిల్లలూ మగపిల్లలూ వేసుకుంటున్నారు. ఇవి సైనికుల బూట్లా?
— ఒక పాఠకురాలు

జవాబు: సైనికులవి కావు గానీ, ఆ బూట్ల కథ ఒక సైనిక వైద్యుడితో మొదలైంది. జర్మనీకి చెందిన క్లాస్ మార్టెన్స్ 1945లో మంచు మీద జారుతూ చీలమండకు దెబ్బ తగిలించుకొని, నొప్పి తెలియకుండా నడవడానికి గాలి నిండిన మెత్తటి అడుగు ఉన్న బూటు తయారు చేసుకున్నారు. ఆ హక్కులు కొన్న ఇంగ్లండులోని గ్రిగ్స్ కుటుంబం 1960 ఏప్రిల్ 1న, ఎనిమిది జతల కంతలున్న బూటును విడుదల చేసింది. ఆ తేదీలోని 1, 4, 60 అంకెలే ఆ నమూనాకు 1460 అనే పేరయ్యాయి. మొదట వాటిని కొన్నది తపాలా బంట్రోతులు, కర్మాగార కార్మికులు. 1960ల చివర్లో ద హూ బృందపు గిటారు వాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్ పనివాళ్ళ దుస్తులతో పాటు ఆ బూట్లు కూడా వేదిక మీదికి తెచ్చారు. ఆయన వాయిస్తూ గాలిలోకి ఎగిరి దూకేవారు కాబట్టి ఆ మెత్తటి అడుగు ఆయనకు నిజంగానే పనికివచ్చి ఉంటుంది. అక్కడి నుంచి అవి పంక్ వారికి, వారి నుంచి ఇప్పుడు మీరు చూస్తున్న పిల్లలకు చేరాయి.

ప్రశ్న: మా కాలేజీలో కుర్రవాళ్ళు వదులు గళ్ళ చొక్కాను తొడుక్కోకుండా దాని చేతులను నడుముకు ముడివేసుకొని వస్తున్నారు. బట్టలు ముతకగా, పాతగా ఉండడమే గొప్ప అనుకుంటున్నారు. దీని వెనక కూడా సంగీతమే ఉందా?
— ఒక అధ్యాపకుడు

జవాబు: ఉంది. అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటిల్ నగరం, ఆ చుట్టుపక్కల ప్రాంతం దీనికి పుట్టిల్లు. అక్కడ చలి, ముసురు. అడవులలో కలప కొట్టేవారు తొడిగే ముతక ఫ్లానెల్ గళ్ళ చొక్కాలు వాడిన బట్టలు అమ్మే దుకాణాలలో అతి చవకగా దొరికేవి. బయట చలి, సంగీతం వాయించే ఇరుకు గదిలో ఉక్క. అందుకని పొరలు పొరలుగా తొడుక్కొని, వేడెక్కగానే పై చొక్కా విప్పి నడుముకు కట్టుకొనేవారు. మీ విద్యార్థుల నడుము మీది ముడికి మూలం అంత సామాన్యమైనది. నిర్వాణా, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, మడ్‌హనీ వంటి బృందాల వాళ్ళు వేదిక కోసమని వేరే దుస్తులు మార్చుకోలేదు; ఇంట్లో ఎలా ఉన్నారో అలాగే వచ్చి వాయించారు.

1991 సెప్టెంబరులో నిర్వాణా రెండో ఆల్బమ్ విడుదలై కొద్ది నెలలలోనే అమెరికా జాబితాలో మొదటి స్థానానికి ఎక్కేసరికి, ఆ ఇంటి బట్టలకు గ్రంజ్ శైలి అని పేరుపెట్టి లోకం వాటి వెంటపడింది. 1992 నవంబరులో న్యూయార్క్‌లో పెరీ ఎల్లిస్ సంస్థ కోసం మార్క్ జేకబ్స్ జరిపిన ప్రదర్శనలో ఫ్లానెల్‌లా కనిపించే గళ్ళు సిల్కు మీద వేసి చూపించారు. విమర్శకులు మండిపడ్డారు, ఆయన ఉద్యోగం పోయింది. ఈ రోజు అదే ప్రదర్శనను ఫ్యాషన్ చరిత్రలో ఒక మలుపుగా చెప్పుకుంటున్నారు. అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గ్రంజ్ వారి మాటల పట్టిక ఒకటి ప్రచురించింది. రికార్డుల వ్యాపారంలో పనిచేసే మెగన్ జాస్పర్‌ను విలేకరి ఫోనులో అడిగితే ఆమె అప్పటికప్పుడు అల్లి చెప్పిన మాటలు అవి. వాటిలో ఒక్కటీ నిజంగా ఎవరూ వాడేది కాదు. తమ జీవితాన్ని సరుకుగా చూస్తున్నారన్న కోపం ఆ అల్లికలో ఉందని నేను నమ్ముతున్నాను.

నిర్వాణా గాయకుడు కర్ట్ కోబెయిన్ తన బక్కపలచని శరీరం కనిపించకూడదని ఒకదాని మీద ఒకటి తొడుక్కొనేవారని ఆయనను ఎరిగినవారు చెప్పారు. 1993 నవంబరులో ఎమ్‌టీవీ వారి కచేరీలో ఆయన తొడిగిన పాచిరంగు ఉన్ని స్వెట్టరు ఎటువంటిదో చూడండి: ఒక గుండీ లేదు, సిగరెట్టు కాలిన చిల్లు ఉంది, మరకలు ఉన్నాయి. దాన్ని ఉతకకుండా అలాగే భద్రపరిచారు. 2015లో అది వేలంలో 1,37,500 డాలర్లకు, మళ్ళీ 2019లో 3,34,000 డాలర్లకు అమ్ముడుపోయింది. మీ విద్యార్థులు పాత బట్టను ఇష్టపడితే నేను సంతోషిస్తాను. కొత్త బట్టను పాతదిలా కనిపించడానికి ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నారా, లేక ఇంట్లో నాన్నగారి పాత చొక్కా తీసి కట్టుకుంటున్నారా అన్నది మాత్రం ఒకసారి అడిగి చూడండి. రెండో పని చేసేవారే సియాటిల్ కుర్రవాళ్ళకు దగ్గరివాళ్ళు.

ప్రశ్న: బయటికి చాపిన ఎర్రటి నాలుక బొమ్మ టీ షర్టుల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. అది కాళికాదేవి నాలుక అని మా అన్నయ్య అంటాడు. నిజమేనా?
— ఒక విద్యార్థిని

జవాబు: మీ అన్నయ్య చెప్పినదానిలో చాలావరకు నిజం ఉంది. రోలింగ్ స్టోన్స్ బృందం 1970లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థి జాన్ పాష్‌ను పిలిపించి ఒక గుర్తు గీయమని అడిగింది. గాయకుడు మిక్ జాగర్ ఆయనకు కాళికాదేవి చిత్రం ఒకటి చూపించారు. ఆ నాలుకను పాష్ తీసుకున్నారు. దాని చుట్టూ పెదవులు గీసేటప్పుడు జాగర్ నోరు, పెద్దల మాటను లెక్కచేయని పిల్లవాడు నాలుక చాపి వెక్కిరించే తీరు కూడా మనసులో పెట్టుకున్నారు. అప్పుడు ఆయనకు ముట్టినది 50 పౌండ్లు. 1971లో ఆల్బమ్‌తో పాటు వెలువడిన ఆ గుర్తు అసలు ప్రతిని 2008లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొనుగోలు చేసింది.

ఇటువంటి మరో గుర్తు రమోన్స్ వారిది. అమెరికా అధ్యక్షుడి ముద్రను ఆధారంగా చేసుకొని ఆర్టురో వేగా దాన్ని గీశారు. అసలు ముద్రలో గద్ద ఒక కాలితో ఆలివ్ కొమ్మను, రెండో కాలితో బాణాలను పట్టుకొని ఉంటుంది. వేగా గీసిన గద్ద ఆపిల్ కొమ్మను, బేస్‌బాల్ బ్యాటును పట్టుకొని ఉంటుంది. ఈసారి ఎవరి చొక్కా మీదనైనా కనిపిస్తే ఆ గద్ద గోళ్ళ వైపు చూడండి.

ప్రశ్న: మీరు చెప్పే ఉదాహరణలన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళ దుస్తుల మీద రాక్ సంగీతంలోని ఆడవాళ్ళ ప్రభావం లేదా?
— మరో పాఠకురాలు

జవాబు: ఉంది, చాలా ఉంది, దాన్ని ఇంతవరకు ప్రస్తావించకపోవడం నా లోపమే. 1975లో పాటీ స్మిత్ తొలి ఆల్బమ్ అట్ట కోసం రాబర్ట్ మేపుల్‌థార్ప్ తీసిన ఛాయాచిత్రంలో ఆమె మగవాళ్ళ తెల్ల చొక్కా తొడిగి, నల్ల కోటును ఒక భుజం మీద వేసుకొని, కెమెరా వైపు తిన్నగా చూస్తూ నిలబడతారు. చెదిరిన జుట్టు, అలంకారం లేని ముఖం. అప్పటికి ఒక గాయనిని అట్ట మీద అలా చూపించడం ఎరగని విషయం. వదులు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు కట్టుకొని ఈ రోజు ఆఫీసుకు వెళ్ళే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ చిత్రం గుర్తుకువస్తుంది.

1976లో మొదలైన సూజీ అండ్ ద బాన్షీస్ బృందపు గాయని సూజీ సూ దట్టంగా కాటుక దిద్ది, నల్లటి జుట్టును పైకి దువ్వి నిలబెట్టిన తీరు నుంచే తరువాతి కాలంలో గోత్ అని పేరుపడిన నల్లటి వేషం చాలావరకు వచ్చింది. 1982లో లండన్‌లో తెరిచిన బ్యాట్‌కేవ్ క్లబ్బు దానికి కూడలి అయింది. ద క్యూర్ బృందపు రాబర్ట్ స్మిత్ కొంతకాలం సూజీ బృందంలో గిటారు వాయించినవారే. నల్ల దుస్తులు, కాటుక, లిప్‌స్టిక్ మగవాళ్ళ ముఖాల మీదికి రావడంలో ఆయన పాత్ర పెద్దది. ఇక 1990ల మొదట్లో కొర్ట్నీ లవ్, కాట్ బియెలాండ్ వంటి గాయనులు పాత దుకాణాలలో దొరికిన చిన్నపిల్లల గౌన్ల వంటివి తొడిగి, గొంతు చించుకొని పాడారు. లోకం ఆడపిల్ల మెత్తగా ఉండాలని చెప్పేదాన్ని ఒంటి మీద ఉంచుకొనే, గొంతుతో కాదన్నారు. పూల గౌను కింద బరువైన బూట్లు తొడగడం ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, ఆ రెండూ ఒకప్పుడు ఒకచోట చేరరానివని చెబితే పిల్లలు నమ్మరు.

ప్రశ్న: నాకు హెవీ మెటల్ సంగీతమంటే ప్రాణం. పాత డెనిమ్ జాకెట్‌కు బృందాల గుర్తులు కుట్టుకొని తొడుక్కోవాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? అన్నీ తెలిసిన అభిమానులు తప్పుపడతారేమోనని సంకోచం.
— ఒక అభిమాని

జవాబు: సంకోచించకండి. చేతులు కత్తిరించిన డెనిమ్ జాకెట్ మొదట మోటార్ సైకిల్ సంఘాల వాళ్ళది. తోలు జాకెట్ మీద దాన్ని తొడిగి వీపు మీద సంఘం గుర్తు కుట్టుకొనేవారు. 1970ల చివర్లో జుడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తోలు, లోహపు మొలలు వేదిక మీదికి తెచ్చాక హెవీ మెటల్‌కు ఆ రూపం స్థిరపడింది. అభిమానులు మాత్రం చవకైన డెనిమ్‌నే ఎంచుకొని, సంఘం గుర్తు స్థానంలో బృందం గుర్తు పెట్టారు. ఐరన్ మెయిడెన్ కోసం డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ అనే అస్థిపంజరపు బొమ్మ ఆ కాలంలో ఎన్ని వీపుల మీదికి ఎక్కిందో చెప్పలేం. ఈ జాకెట్‌ను ఏ కంపెనీ కూడా మీకు పూర్తిగా తయారు చేసి ఇవ్వలేదు. అందుకే ఈ దుస్తులన్నిటిలోనూ నాకు ఇది ఎక్కువ ఇష్టం.

పాటించవలసిన నియమం ఒక్కటే: మీరు వినని బృందం గుర్తు కుట్టుకోకండి. ఆ జాకెట్ చూసి పరిచయం లేనివారు కూడా మీతో ఆ బృందం గురించి మాట్లాడతారు. అందుకే అది ఉన్నది. ఇక పని విషయం. గుర్తులన్నీ ముందు నేల మీద పరిచి, జాకెట్ మీద పిన్నీసులతో పెట్టి, తొడుక్కొని అద్దంలో చూసుకోండి. పరిచినప్పుడు తిన్నగా కనిపించినది ఒంటి మీదికి వచ్చేసరికి వంగుతుంది. పెద్ద గుర్తు వీపు మధ్యలో, భుజం కుట్టుకు కింద రావాలి. జేబుల మీద కుట్టేటప్పుడు జేబు లోపల ఒక అట్టముక్క పెట్టుకుంటే, జేబు మూసుకుపోయేలా రెండు పొరలనూ కలిపి కుట్టేయడం జరగదు. ఇస్త్రీ వేడికి అతుక్కొనే జిగురును నమ్ముకోకండి, అది కొన్ని నెలలకే ఊడుతుంది. మామూలు దారం డెనిమ్ మీద త్వరగా తెగుతుంది. పంక్ అభిమానులు ఎప్పటి నుంచో పళ్ళ సందులు శుభ్రం చేసుకొనే మైనపు దారంతో కుట్టుకుంటున్నారు, అది తెగదు. మందపాటి సూది తీసుకొని, నాలుగు మూలలూ ముందు పట్టించి, ఆ తరువాత అంచు వెంట ఒక కుట్టు ముందుకు, అర కుట్టు వెనక్కి వేస్తూ రండి. మొదటి గుర్తుకు ఒక సాయంత్రం పడుతుంది, వేలికి రెండు పోట్లు పడతాయి; మూడో గుర్తుకు వచ్చేసరికి చేయి తిరుగుతుంది.